చెరువు పూడిక తీయకముందే ఊళ్ళో తేలాల్సిన లెక్క

మీ ప్రశ్న చదివాను తమ్ముడూ. కల్యాణదుర్గం వైపు మీ ఊరు. పొలం మొత్తం 2,500 ఎకరాలు. ఇప్పటిదాకా వేసిన బోర్లు 210, వాటిలో నీళ్ళు పోస్తున్నవి 90. చెరువు పూడిపోయి సర్కారు కంపతో నిండిపోయింది. బెంగళూరులో ఉద్యోగాలు చేస్తున్న మీ ఊరి పిల్లలంతా కలిసి ఆరు లక్షలు పోగుచేశారు. ఈ వేసవిలో జేసీబీ పెట్టి పూడిక తీయాలని, ఎండిన బోర్ల చుట్టూ ఇంకుడు గుంతలు తవ్వాలని, జూన్‌లో గుట్ట మీదా కట్ట మీదా 5,000 మొక్కలు నాటాలని అనుకుంటున్నారు. వీటిలో ఏది ముందు చెయ్యాలి, మూడేళ్ళలో బోర్లు మళ్ళీ పోస్తాయా అన్నది మీరు అడిగింది.

అనంతపురం జిల్లాలో వాటర్‌షెడ్ పనుల్లో చాలా ఏళ్ళు గడిపినవాణ్ణి కాబట్టి ఉన్నమాట చెప్తాను. మూడూ మంచి పనులే. కానీ మూడిటికన్నా ముందు చెయ్యాల్సిన పని ఒకటుంది. ఏటా మీ ఊరి భూమిలోకి ఎన్ని నీళ్ళు దిగుతున్నాయి, ఎన్ని తోడుతున్నారు అని లెక్క వేసి, తోడేదానికి ఊరంతా కలిసి ఒక హద్దు పెట్టుకోవాలి. ఆ ఒప్పందం లేకుండా పూడిక తీస్తే ఏమవుతుందో నేను చాలా ఊళ్ళలో చూశాను. మంచి వాన పడి చెరువు నిండుతుంది, ఊళ్ళో పండగ చేసుకుంటారు. ఆ వేసవికల్లా చెరువు కింద కొత్త బోర్లు పడతాయి, ఉన్న బోర్ల కింద పంట పెరుగుతుంది. ఇంకో రెండేళ్ళకు నీళ్ళు మళ్ళీ మునుపటి లోతుకే పోతాయి. ఇంతా చేసి మిగిలేది కొత్త బోర్లకు చేసిన అప్పు.

ముందు మన నేల సంగతి అర్థం కావాలి. ఉమ్మడి అనంతపురంలో ఎక్కువ భాగం గ్రానైటు, నైస్ అనే గట్టి రాళ్ళు. పైన కాస్త ఎర్రమట్టి, దాని కింద మొరం, ఆ కింద చివికి మెత్తబడిన రాయి, అదీ దాటితే గట్టి బండ. నీళ్ళు నిలిచేది మెత్తబడిన రాయిలో, తర్వాత బండలో అక్కడక్కడా ఉండే పగుళ్ళలో. మన తాతల బావులన్నీ ఆ పై పొరలోనే ఉండేవి. ఆ పొరలో కూడా నూరు పాళ్ళ రాయిలో మనకు నీళ్ళిచ్చేది రెండు మూడు పాళ్ళే. బండలోకి పోతే అంత కూడా ఉండదు. అందుకే తమిళనాడు తిరుచెంగోడు నుంచి బోరు బండ్లు తెప్పించి వెయ్యి అడుగులు దింపినా కింద కొత్త నీటి నిధి ఏదీ దొరకదు. దొరికిన పగులు వెంట వచ్చేవి పైనుంచి దిగిన నీళ్ళే, చాలాసార్లు పక్క రైతు బోరులోకి పోవాల్సిన నీళ్ళు. 90 బోర్లంటే ఒకే కుండలో 90 గరిటెలు. పొడుగు గరిటె తెచ్చుకున్నవాడికి నాలుగు రోజులు ఎక్కువ దొరుకుతుందేమో గానీ, కుండలో నీళ్ళు పెరగవు.

లోతుకు పోవడంలో ఇంకో నష్టం కూడా ఉంది. రాయితో ఎక్కువ కాలం తాకి ఉన్న నీళ్ళలో ఫ్లోరైడ్ పెరుగుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్ళు తాగడానికి పనికిరావు. 1990లలో సత్యసాయి నీటి పథకం వచ్చేదాకా మన జిల్లాలో వందల ఊళ్ళు అలాంటి నీళ్ళే తాగాయి. పళ్ళు గారపట్టిన పిల్లల్నీ, నడుము వంగిపోయిన పెద్దల్నీ చూసినవాళ్ళం, లోతు బోరు అంటే మాకు అందుకే భయం. మీ ఊళ్ళో తాగునీటి బోరు ఉంటే దాని నీళ్ళను ఈ నెలలోనే పరీక్ష చేయించండి.

ఇక లెక్క. మన జిల్లా సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. నైరుతి మేఘాలకు పడమటి కనుమలు అడ్డం, ఈశాన్యం మేఘాలు తీరం నుంచి ఇంత దూరం వచ్చేసరికి నీరసపడతాయి. మీ 2,500 ఎకరాలంటే దాదాపు 1,000 హెక్టార్లు. దాని మీద 550 మిల్లీమీటర్లు పడితే 55 లక్షల క్యూబిక్ మీటర్ల నీళ్ళు. ఒక క్యూబిక్ మీటరంటే వెయ్యి లీటర్లు. వినడానికి చాలా ఎక్కువగా ఉంటుంది. కానీ ఎక్కువ భాగం ఆవిరిగా, పంటకూ గడ్డికీ చెమ్మగా పోతుంది, కొంత వంకలో పారిపోతుంది. మన రాతి నేలలో పదో వంతు కిందికి దిగితే గొప్ప. అంటే 5.5 లక్షల క్యూబిక్ మీటర్లు. మీ ఊరికి ఏటా వచ్చే ఆదాయం అది.

ఇప్పుడు ఖర్చు చూడండి. ఒక బోరు సెకనుకు లీటరున్నర పోస్తుందనుకుందాం. రోజుకు ఏడు గంటలు, ఏడాదిలో 150 రోజులు నడిచిందనుకుంటే 5,670 క్యూబిక్ మీటర్లు. 90 బోర్లకు 5.1 లక్షలు. తాగునీరు, పశువులు కలిపితే ఆదాయం, ఖర్చు దాదాపు సరి. ఇది సగటు వాన పడిన సంవత్సరం మాట. వాన 350 మిల్లీమీటర్లకు పడిపోతే దిగే నీళ్ళు అదే పాళ్ళలో తగ్గవు, అంతకన్నా బాగా ఎక్కువ తగ్గుతాయి. ఎందుకంటే ముందు నేల తడవాలి, ఆ తర్వాతే కిందికి దిగుతుంది. కరవు ఏడాది ఆదాయం సగానికి పడిపోయినా మోటార్లు మాత్రం అంతే నడుస్తాయి, వాన లేదు కాబట్టి ఇంకా ఎక్కువే నడుస్తాయి. మీ 120 బోర్లు ఎండింది అలాంటి ఏళ్ళలోనే అయ్యుంటుంది, ఊళ్ళో అడిగి చూడండి.

ఆరు లక్షలకు వద్దాం. జేసీబీ బాడుగ మీరు భరించి, మట్టి తోలుకునే ట్రాక్టరు ఖర్చు రైతులు పెట్టుకుంటే, ఆ డబ్బుతో సుమారు 20,000 క్యూబిక్ మీటర్ల పూడిక తీయవచ్చు. ఆ గుంత ఒకసారి నిండితే పట్టేది 2 కోట్ల లీటర్లు. ఒక ఎకరా వరి మడికి మన దగ్గర 1,200 మిల్లీమీటర్ల దాకా నీళ్ళు పెడతారు, అంటే దాదాపు 48.5 లక్షల లీటర్లు. మీ గుంతలో నీళ్ళు నాలుగు ఎకరాల వరికి సరిపోతాయి. ఆవిరి పోగా ఇంకా తక్కువ, చెరువు నిండని ఏడాది అసలు సున్నా. అదే బోరు కింద ఎకరా వరి మానేసి డ్రిప్పు మీద 400 మిల్లీమీటర్లతో అయ్యే పంట పెడితే 32 లక్షల లీటర్లు మిగులుతాయి. మడిలో పెట్టిన నీళ్ళలో కొంత మళ్ళీ కిందికి దిగుతుంది కాబట్టి అసలు మిగులు సగమే అనుకోండి. అప్పుడు కూడా పన్నెండు, పదమూడు ఎకరాల వరి తగ్గితే మీ ఆరు లక్షల గుంతకు సమానం. వాన వచ్చినా రాకపోయినా ఏటా ఆ మిగులు ఉంటుంది, దానికి జేసీబీ అక్కరలేదు. ఒప్పందం ముందు అని నేను పట్టుబట్టేది ఈ లెక్క చూసే.

ఇది నేను కొత్తగా కనిపెట్టిన మాట కాదు. 2000 దశకంలో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) సాయంతో అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో ఏడు కరవు జిల్లాల్లో ఒక ప్రాజెక్టు నడిచింది. రైతులే భూగర్భ జలాలను చూసుకోవడం దాని పద్ధతి. అనంతపురం, కడప, కర్నూలు మూడూ అందులో ఉన్నాయి. ఎవరికీ బోరు వేయించలేదు, మోటారు ఇవ్వలేదు. ఊళ్ళో వానమాపకం పెట్టారు, కొన్ని బోర్లను ఎంచుకుని నీటిమట్టం కొలవడం రైతులకే నేర్పారు. వానాకాలం అయ్యాక ఊరంతా కూర్చుని, ఈసారి దిగినవి ఇన్ని, రబీలో మనం వేస్తామంటున్న పంటలకు కావాల్సినవి ఇన్ని అని గోడ మీద రాసుకున్నారు. లోటు కళ్ళ ముందు కనబడగానే చాలాచోట్ల రైతులు తమంతట తాము వరి తగ్గించి ఆరుతడి పంటలకు మారారు. అన్ని ఊళ్ళలో ఒకేలా జరగలేదు. ప్రాజెక్టు అయిపోయాక కొలతలు ఆపేసిన ఊళ్ళూ ఉన్నాయి. అయినా అంకె తన చేతిలో ఉంటే రైతు వేరేగా ఆలోచిస్తాడని అక్కడ రుజువైంది. ఆఫీసరు వచ్చి నీళ్ళు తగ్గాయని చెప్తే నమ్మడు. తన బోరులో తాను టేపు దించి చూసుకుంటే నమ్ముతాడు.

మీరు చెయ్యాల్సింది కూడా అదే. స్కూలు ఆవరణలో ఒక వానమాపకం పెట్టండి. తొమ్మిది, పదో తరగతి పిల్లలకు అప్పగిస్తే రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు చూసి రాస్తారు. ఊరికి నాలుగు వైపులా ఒక్కో బోరు, చెరువు కింద రెండు, మొత్తం ఆరు బోర్లు ఎంచుకోండి. మోటారు ఆపి రాత్రంతా వదిలి, పొద్దున్నే నీటిమట్టం కొలవాలి. నడుస్తున్న బోరులో కొలిస్తే అది తప్పు కొలత. పోసే నీళ్ళకు 200 లీటర్ల డ్రమ్మూ, ఫోనులో స్టాప్‌వాచీ చాలు. డ్రమ్ము 2 నిమిషాల 13 సెకన్లలో నిండితే సెకనుకు లీటరున్నర. అంగుళం నీళ్ళు, అంగుళంన్నర నీళ్ళు అని అందరూ చెప్పే మాటను లీటర్లలోకి మార్చండి, లేకపోతే ఎవరి అంగుళం ఎంతో ఎప్పటికీ తేలదు.

ఒప్పందంలో ఏముండాలి అంటే, నా అనుభవంలో నిలబడినవి చిన్నవీ, అందరికీ కనబడేవీ. కొత్త బోరు వేయకూడదు అన్నది మొదటిది. బోరు ఎండినవాళ్ళు అప్పుడు ఏం చెయ్యాలి అనే ప్రశ్న వెంటనే వస్తుంది. దానికి జవాబు లేకుండా నిషేధం పెడితే ఆరు నెలలు కూడా నిలవదు, రాత్రిపూట బండి వచ్చి తెల్లారేసరికి బోరు వేసి వెళ్ళిపోతుంది. జవాబు ఏమిటంటే, ఉన్న బోర్లను పంచుకోవడం. నాలుగైదు బోర్లను పైపులతో కలిపి, చుట్టూ ఉన్న పది, పదిహేను మంది రైతులకు వానాకాలం పంటకు ఒకటి రెండు తడులు ఇవ్వడం మన జిల్లాలోనే కొన్ని ఊళ్ళు చేసి చూపించాయి. వేరుశనగ ఊడలు దిగేటప్పుడు, కాయ ఊరేటప్పుడు వాన ముఖం చాటేస్తే పంట మొత్తం పోతుంది. ఆ సమయంలో ఒక్క తడి, 40 మిల్లీమీటర్లు, అంటే ఎకరాకు 1.6 లక్షల లీటర్లు అందితే పంట నిలబడుతుంది. ఒక ఎకరా వరికి పోసే నీళ్ళతో ముప్పై ఎకరాల వేరుశనగకు ఆ ఒక్క తడి ఇవ్వవచ్చు. నాకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా ముఖ్యమనిపించే అంకె ఇదే.

ఇంకో సంగతి గట్టిగా చెప్పాలి. ఊరి వాన అందరి పొలాల మీదా పడుతుంది. బోరు లేని రైతు మెట్ట చేలో దిగిన నీళ్ళే పల్లంలో ఉన్నవాడి బోరులో తేలుతాయి. మీ ఊళ్ళో 90 బోర్లు ఎన్ని ఇళ్ళవో లెక్క తీయండి. ఎస్సీ కాలనీవాళ్ళకు ప్రభుత్వం మెట్టన ఇచ్చిన డీకేటీ పట్టా భూముల్లో ఎన్ని బోర్లున్నాయో చూడండి. మీటింగుకు బోర్లున్న రైతులను మాత్రమే పిలిస్తే ఆ ఒప్పందం నీళ్ళున్నవాళ్ళ ఒప్పందం అవుతుంది. బోరు లేనివాళ్ళనూ, పొదుపు సంఘాల అక్కలనూ, గొర్రెల కాపరులనూ ముందు వరసలో కూర్చోబెట్టండి. బోరు అప్పు ఇంట్లో ఎవరి తాళిబొట్టు కుదువ పెట్టి తెచ్చారో ఆడవాళ్ళకే తెలుసు. కొత్త బోరు వద్దు అనే మాట వాళ్ళ నోట వచ్చినప్పుడు దానికి ఉండే బలం వేరు.

డ్రిప్పు గురించి కూడా ఒక మాట. 2003 నుంచి మన రాష్ట్రంలో సబ్సిడీ మీద డ్రిప్పు బాగా వ్యాపించింది, అనంతపురం చీనీ (బత్తాయి), దానిమ్మ, అరటి తోటలన్నీ దాని మీదే నిలబడ్డాయి. మంచిదే. కానీ రెండు ఎకరాలకు చాలే నీళ్ళు డ్రిప్పుతో నాలుగు ఎకరాలకు వస్తే, రైతు నాలుగు ఎకరాలూ పెడతాడు. కరెంటు 2004 నుంచి ఉచితం కాబట్టి మోటారు ఆపడానికి జేబు వైపు నుంచి కారణం ఏమీ లేదు. అప్పుడు బోరు తోడేది ఒక్క లీటరు కూడా తగ్గదు. రైతుకు ఆదాయం పెరుగుతుంది, భూమిలో నీళ్ళు పెరగవు. అందుకే డ్రిప్పు పెట్టినవాళ్ళు విస్తీర్ణం ఎంతకు మించకూడదో ఒప్పందంలో రాయండి. చీనీ తోటలకు ఇది మరీ ముఖ్యం. ఏడాది పంటను కరవులో వదులుకోవచ్చు, పదేళ్ళ చెట్టును వదులుకోలేం. 2000 దశకం మొదట్లో వచ్చిన కరవుల్లో ట్యాంకర్లతో నీళ్ళు తోలి కూడా చెట్లు నరుక్కున్న రైతులు ఎందరో.

చట్టం వైపు నుంచి వాల్టా ఉంది, అంటే నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం, 2002 నాటిది. కొత్త బోరుకు అనుమతి కావాలి, తాగునీటి బోరుకు 250 మీటర్ల లోపల వేరే బోరు వేయకూడదు. దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు, అలాగని వదిలెయ్యనూ వద్దు. ఊరి తీర్మానాన్ని గ్రామసభలో రాయించి, ఒక కాపీ తహసీల్దారు ఆఫీసులో ఇచ్చి రశీదు తీసుకోండి. తర్వాత ఎవరైనా మీరితే, ఊరి మాటకు అప్పుడు చట్టం తోడవుతుంది.

ఇంత చెప్పాక చెరువు దగ్గరికి వద్దాం, ఎందుకంటే చెరువు వద్దని నేను అనడం లేదు. కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు కట్ట దగ్గర 1369 నాటి శాసనం ఉంది. బుక్కరాయల కొడుకు భాస్కరుడు కట్టించిన చెరువు అది. రోజుకు వెయ్యి మంది చొప్పున రెండేళ్ళు పని చేశారని అందులో ఉంది. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు కూడా రాశారు. ఆ దోషాల్లో కట్ట నుంచి నీరు ఊరడం ఒకటి, చౌడు నేల ఒకటి. ఇంకొకటి నీళ్ళు తక్కువై పారించాల్సిన నేల ఎక్కువ కావడం. ఆరున్నర శతాబ్దాల కిందటే దాన్ని దోషమని రాయి మీద చెక్కి పెట్టారు. ఇప్పుడు మీ ఊరి బోర్లకు పట్టిన దోషం అదే.

చెరువు పాడవడానికి పూడిక ఒక్కటే కారణమని అందరూ అనుకుంటారు. ముందు వంకల వెంట నడవండి. చెరువులోకి నీళ్ళు తెచ్చే వంక ఎక్కడ మొదలవుతుంది, ఎక్కడ ఎవరు చదును చేసి కలుపుకున్నారు, రోడ్డు వేసినప్పుడు మోరీ ఎంత ఇరుకుగా పెట్టారు, అన్నీ కాగితం మీద గీసుకోండి. గట్టి వాన కురిసిన మరుసటి రోజు నడిస్తే నీళ్ళు ఎటు పోయాయో ఆనవాళ్ళు కనబడతాయి. పైన ఎన్ని చెక్‌డ్యాములు, కుంటలు ఉన్నాయో కూడా లెక్క పెట్టండి. నీరు-మీరు అనే ప్రభుత్వ నీటి సంరక్షణ కార్యక్రమం కాలం నుంచి మన దగ్గర ఈ కట్టడాలు విపరీతంగా వచ్చాయి. ఉపాధి హామీ పథకం దేశంలో మొదలైందే 2006 ఫిబ్రవరి 2న మన నార్పల మండలం బండ్లపల్లిలో. ఆ పనులు కూలీలకు అన్నం పెట్టాయి, మెట్ట చేలకు చెమ్మ ఇచ్చాయి. కానీ కొన్ని వంకల మీద కుంట తర్వాత కుంట తవ్వి కింది చెరువుకు చుక్క రాకుండా చేశారు కూడా. మీ వంక అలాంటిదైతే పూడిక ఎంత తీసినా చెరువు నిండదు. అప్పుడు ఆరు లక్షల్లో సగం వంక బాగుకే పెట్టండి.

మరవ, అంటే చెరువు నిండాక నీళ్ళు పొర్లిపోయే అలుగు, అది కూడా చూడండి. నీళ్ళు ఎక్కువ నిలవాలని మరవ మీద ఇసుక మూటలో, రాళ్ళో పేర్చే అలవాటు ఉంటే ఈ రోజే తీయించండి. ఈ మధ్య వానలు కొన్ని రోజుల్లోనే కుండపోతగా పడుతున్నాయి. 2021 నవంబరులో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి రాజంపేట వైపు ఊళ్ళు కొట్టుకుపోయాయి. చిన్న చెరువు అయినా కట్ట తెగితే కింద ఉన్న ఇళ్ళకు ప్రాణభయమే, పైన చెరువు తెగితే ఆ వరదకు కింది చెరువూ తెగుతుంది.

పూడిక తీసేటప్పుడు కట్ట పాదానికి దగ్గరగా తవ్వనివ్వకండి, బాగా దూరం వదలండి. తూము మట్టం కన్నా లోతుగా తవ్వితే ఆ నీళ్ళు కాలువకు ఎక్కవు, పశువులకూ, భూమిలోకి దిగడానికీ పనికొస్తాయి. మీకు కావాల్సింది అదే అయితే సరే, కానీ తెలిసి చెయ్యండి. జేసీబీవాడికి సులువుగా ఉందని ఒకేచోట గొయ్యి చెయ్యనివ్వద్దు. చెరువు ఏ శాఖ కింద ఉందో, ఆయకట్టు 100 ఎకరాల లోపలైతే పంచాయతీదో కాదో తేల్చుకుని రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. అది లేకపోతే మట్టి అమ్ముకుంటున్నారని ఎవరో ఒక్క ఫిర్యాదు పెడితే చాలు, పని మధ్యలో ఆగిపోతుంది. నిజంగానే ఇటుక బట్టీలవాళ్ళు మీ దగ్గరికి వస్తారు, తామే ఉచితంగా తవ్వుకుంటామంటారు. ఒప్పుకోకండి. వాళ్ళకు కావాల్సిన మట్టి ఎక్కడుందో అక్కడే తవ్వుతారు, చెరువుకు ఏం కావాలో వాళ్ళకు పట్టదు.

నా ఉద్దేశంలో గుంత కన్నా ఆ మట్టికే విలువ ఎక్కువ. ట్రాలీకి మూడు క్యూబిక్ మీటర్ల లెక్కన 20,000 అంటే ఆరున్నర వేల ట్రాలీల పైమాటే. ఎకరాకు నలభై ట్రాలీలు తోలితే 160 ఎకరాల ఎర్రనేల బాగుపడుతుంది. ఒండ్రుమట్టి పడిన చేలో చెమ్మ మరికొన్ని రోజులు నిలుస్తుంది, వానకూ వానకూ మధ్య ఎడం వచ్చినప్పుడు వేరుశనగ చేనును కాపాడేవి ఆ కొన్ని రోజులే. తోలేముందు మట్టిని పరీక్ష చేయించండి, చౌడు ఉంటే చేను పాడవుతుంది. ట్రాక్టరు బాడుగ పెట్టుకోలేని చిన్న రైతుల చేలకు మీ నిధి నుంచి డీజిల్ ఖర్చు ఇవ్వండి. లేదంటే మట్టి అంతా ట్రాక్టర్లు ఉన్నవాళ్ళ పొలాలకే పోతుంది.

సర్కారు కంపను కొట్టేస్తే నాలుగు నెలల్లో మళ్ళీ చిగురిస్తుంది. వేరుతో పెకలించాలి. కట్టెకు బొగ్గు బట్టీలవాళ్ళు డబ్బిస్తారు కాబట్టి పంచాయతీ ద్వారా వేలం వేస్తే ఆ పని మీకు ఖర్చు లేకుండా అయిపోతుంది, పైగా కొంత మిగులుతుంది.

మొక్కల సంగతికి వస్తే, కట్ట మీద చెట్లు వద్దు. వేళ్ళు కట్టలోకి దిగి, చెట్టు చచ్చాక ఆ దారుల్లోనే నీరు ఊరుతుంది. గుట్ట మీద 5,000 మొక్కలు గుంత తీసి నాటితే, మొదటి వేసవి దాటేవి ఎన్నో మీ చుట్టుపక్కల ఇదివరకు నాటిన మొక్కలు చూస్తే తెలుస్తుంది. ఆ డబ్బు కాపలాకు పెట్టండి. చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ 1990లో మొదలైంది. ఆ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ముష్టికోవిల అనే ఊరితో మొదలుపెట్టి బోడిగా ఉన్న వేల ఎకరాల కొండనేలను కల్పవల్లి అడవిగా మార్చుకున్నారు. వాళ్ళు ముఖ్యంగా చేసింది నాటడం కాదు. వేసవికి ముందే మంట పాకకుండా గడ్డి తీసేసి అగ్గి గీతలు తీశారు, అగ్గి పడితే ఊరంతా వెళ్ళి ఆర్పారు, కాపలా పెట్టారు, విత్తనాలు చల్లారు. మట్టిలో మిగిలి ఉన్న పాత వేళ్ళు, విత్తనాలు తమంతట తామే లేచాయి. గడ్డి వచ్చింది, ఈత చెట్లు వచ్చాయి, తోడేళ్ళు తిరిగాయి, కింద చెరువులకు నీళ్ళు చేరాయి. తర్వాత ఆ కొండల మీద గాలిమరల కోసం రోడ్లు తవ్వి వాలులు కోశారు, ఆ గొడవ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళింది. ప్రభుత్వ రికార్డుల్లో ఆ నేల బంజరు అని ఉండటం వల్లే అంత సులువుగా చేతులు మారింది. మీ గుట్ట రికార్డుల్లో ఏమని ఉందో ఇప్పుడే చూసుకోండి, మేత పోరంబోకు అయితే ఊరి పేరు మీద తీర్మానం రాసి పెట్టండి.

గొర్రెలవాళ్ళతో గొడవ పడకండి. గుట్టను మూడు భాగాలు చేసి, ఏ ఏడాది ఏ భాగం మూసిపెట్టాలో వాళ్ళనే చెప్పమనండి. అగ్గి పెట్టేది ఎవరో, ఎందుకో వాళ్ళకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు.

ఇంకుడు గుంతలు ఎండిన బోర్ల చుట్టూ తవ్వుతామన్నారు. వంక పక్కనో పల్లంలోనో ఉండి వరద తాకే బోర్లయితే కొంత పని చేస్తాయి, మెట్టన ఉన్నవాటికి డబ్బు దండగ. 120 కాదు, వంక దగ్గరి ఏడెనిమిది ఎంచుకోండి. గుంతలో కింద పెద్దరాళ్ళు, పైన కంకర, ఆపైన ఇసుక వెయ్యాలి. పైన ఇసుకను ఏటా మే నెలలో కడగాలి, లేకపోతే రెండో ఏడాదికే బురదతో మూసుకుపోతుంది. మురుగునీరు గానీ, పురుగుమందులు కొట్టిన చేలోని నీళ్ళు గానీ నేరుగా కేసింగులోకి పోకుండా చూసుకోండి. వాడకుండా వదిలేసిన మిగతా బోర్లకు ముందు మూతలు బిగించండి. చిన్నపిల్లలు పడిపోయిన వార్తలు మనకు కొత్త కాదు.

మూడేళ్ళలో బోర్లు పోస్తాయా అంటే, ఎండిన 120 మళ్ళీ పోస్తాయని నేను చెప్పలేను, చాలా వరకు పోయవు. ఇప్పుడున్న 90 వేసవిలో కూడా ఆగకుండా నడవడం, కరవు ఏడాదిలో తాగునీటికి ట్యాంకరు రాకపోవడం, మెట్ట రైతుకు ఒక తడి అందడం, ఈ మూడూ మాత్రం సాధ్యమే. అది తెలియాలంటే నీటిమట్టం ఏటా రెండుసార్లు తప్పకుండా కొలవాలి. ఒకటి మే చివర, వానలు రాకముందు. ఇంకొకటి నవంబరు చివర, వానలు వెళ్ళాక.

మీ చెరువు ఆయకట్టు ఎంత, చివరిసారి మరవ పారింది ఏ సంవత్సరం, బోర్ల కింద వరి ఎన్ని ఎకరాలు, చీనీ ఎన్ని ఎకరాలు, పైన వంక మీద చెక్‌డ్యాములు ఎన్ని, ఈ ఐదు వివరాలూ సేకరించి రాయండి. నేను పైన వేసింది అంచనా లెక్క. ఆ అంకెలు వస్తే మీ ఊరి లెక్కే వేసి ఇస్తాను, ఊరి మీటింగులో గోడ మీద రాయడానికి పనికొస్తుంది.